వే ప్రొటీన్ ముక్కల్లో మందు ఉందా?

పది లీటర్ల పాలతో చీజ్ చేస్తే చేతికొచ్చేది సుమారు ఒక కిలో. మిగిలిన తొమ్మిది లీటర్లూ లేత పసుపుపచ్చ రంగులో ఉండే పల్చటి నీరు. దాన్నే వే అంటారు. మనం పాలు విరిచి పన్నీరు చేసినప్పుడు గుడ్డలోంచి కారే నీరూ, పెరుగు మీద తేరుకునే తేటా ఈ జాతివే. యూరప్, అమెరికాల్లోని చీజ్ ఫ్యాక్టరీలు చాలాకాలం పాటు ఈ నీటిని పందులకు పోశాయి, పొలాలకు పారించాయి, కాలువల్లో వదిలేశాయి. కాలువలో కలిస్తే ఇది చేసే చేటు చిన్నది కాదు. ఇందులోని చక్కెర కోసం, ప్రొటీన్ కోసం సూక్ష్మజీవులు ఎగబడి, నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. చేపలు ఊపిరాడక చస్తాయి. ఒక్క లీటరు వేను సూక్ష్మజీవులు పూర్తిగా తినేయాలంటే 30 నుంచి 50 గ్రాముల ఆక్సిజన్ కావాలి. ఇళ్లలోంచి వచ్చే మురుగునీటికి కావలసినదానికి ఇది వంద రెట్లకు పైమాటే.

1970ల నుంచి పరిస్థితి మారింది. కాలుష్య చట్టాలు బిగిశాయి, మరోవైపు అల్ట్రాఫిల్ట్రేషన్ అనే సన్నరంధ్రాల పొర వడపోత ఫ్యాక్టరీలకు అందుబాటులోకి వచ్చింది. ఆ పొర నీటిని, లాక్టోజ్‌ను, లవణాలను కిందికి వదిలి ప్రొటీన్‌ను పైన ఆపుతుంది. దాన్ని వేడిగాలిలో తుంపర్లుగా చిమ్మి ఆరబెడితే వచ్చేదే ఈరోజు జిమ్‌లలో, మందుల షాపుల్లో డబ్బాల్లో దొరికే వే ప్రొటీన్ పొడి. ఆ డబ్బాల్లో కొన్నిటి మీద ‘హైడ్రోలైజ్డ్’ అన్న మాట కనిపిస్తుంది. ధర కూడా ఎక్కువ. ప్రొటీన్‌ను ఎంజైమ్‌లతో ముందే ముక్కలు చేశారని దాని అర్థం. ఆ ముక్కలు రక్తపోటు తగ్గిస్తాయని, కొలెస్ట్రాల్ తగ్గిస్తాయని, క్రిములను చంపుతాయని ప్రచారం ఉంది. అందులో నిజం ఎంతో తెలియాలంటే ముందు ఆ ముక్కలు ఎలా తయారవుతాయో చూడాలి.

లీటరు చీజ్ వేలో ప్రొటీన్ 6 నుంచి 8 గ్రాములకు మించదు. అందులో సగం దాకా బీటా-లాక్టోగ్లోబ్యులిన్ అనే ఒకే ఒక్క ప్రొటీన్. ఐదో వంతు ఆల్ఫా-లాక్టాల్బుమిన్. మిగతాది సీరం ఆల్బుమిన్, రోగనిరోధక ప్రొటీన్లు, చాలా కొద్దిగా లాక్టోఫెర్రిన్.

ఇక్కడ మన వంటింటికి సంబంధించిన ఒక తేడా ఉంది. చీజ్ కోసం పాలను 72 డిగ్రీల దగ్గర పదిహేను సెకన్లు వేడిచేస్తే సరిపోతుంది కాబట్టి అందులోని వే ప్రొటీన్లు చెక్కుచెదరవు. పన్నీరు కోసం పాలను 90 డిగ్రీల దాకా కాచి, ఆపైన నిమ్మరసమో సిట్రిక్ ఆమ్లమో పోస్తాం. ఆ వేడికి బీటా-లాక్టోగ్లోబ్యులిన్ విచ్చుకుని, గడ్డకట్టి పన్నీరయ్యే పాల ప్రొటీన్ అయిన కేసిన్‌కు అతుక్కుపోతుంది, పన్నీరులోనే ఉండిపోతుంది. పన్నీరు తినేవాళ్లకు ఇది లాభమే. పన్నీరు నీటిలోంచి వే ప్రొటీన్ పొడి తీద్దామనుకునేవారికి మాత్రం అందులో మిగిలేది చీజ్ వేలో ఉన్నదానికంటే బాగా తక్కువ, పైగా ఆ నీరు పుల్లన. మన దేశంలో చీజ్ కంటే పన్నీరు, ఛెనా ఎక్కువ. పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానంలో ఉండి, 2023–24లో దాదాపు 24 కోట్ల టన్నుల పాలు పితికిన దేశమైనా వే ప్రొటీన్‌లో ముందు వరుసలో లేకపోవడానికి ఇదొక కారణం.

ఇక ముక్కలు చేయడం దగ్గరకు వద్దాం. ముదురు మాంసం వండేటప్పుడు పచ్చి బొప్పాయి ముక్క వేయడం తెలుగిళ్లలో పాత అలవాటు. బొప్పాయి పాలలో ఉండే పపైన్ అనే ఎంజైమ్ మాంసపు ప్రొటీన్‌ను కోసి మెత్తబరుస్తుంది. ఫ్యాక్టరీలో వే ప్రొటీన్ మీద జరిగేదీ ఇదే చర్య. పపైన్‌ను కూడా వాడతారు గానీ, ఎక్కువగా వాడేవి బాసిలస్ లైకెనిఫార్మిస్ అనే బాక్టీరియా ఇచ్చే ఆల్కలేస్, ఆస్పర్‌జిల్లస్ ఒరైజే అనే బూజు ఇచ్చే ఫ్లేవర్‌జైమ్, జంతువుల క్లోమం నుంచి తీసే ట్రిప్సిన్. ఈ ట్రిప్సిన్ చాలావరకు పంది క్లోమం నుంచే వస్తుంది. శాకాహారులకు, ముస్లింలకు ఇది తెలుసుకోవాల్సిన సంగతి. అందుకే చాలా కంపెనీలు సూక్ష్మజీవుల ఎంజైమ్‌ల వైపు మొగ్గుతున్నాయి.

ప్రొటీన్‌ను ఆమ్లంలో ఉడికించినా ముక్కలవుతుంది. కానీ ఆమ్లం విచక్షణ లేకుండా అన్నిచోట్లా కోస్తుంది, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని నాశనం చేస్తుంది, చివర్లో దాన్ని తటస్థం చేస్తే బోలెడు ఉప్పు మిగులుతుంది. ఎంజైమ్ అలా కాదు. ట్రిప్సిన్‌నే తీసుకోండి. అమైనో ఆమ్లాల గొలుసులో లైసిన్ గానీ ఆర్జినిన్ గానీ వచ్చిన చోట, దాని వెనకాలే కోస్తుంది, ఇంకెక్కడా ముట్టదు. బీటా-లాక్టోగ్లోబ్యులిన్ 162 అమైనో ఆమ్లాల గొలుసు. అంటే 161 బంధాలు. అందులో లైసిన్లు 15, ఆర్జినిన్లు 3. ట్రిప్సిన్ తన పని పూర్తిగా చేసినా కోయగలిగేది మహా అయితే 18 చోట్ల, అంటే మొత్తం బంధాల్లో దాదాపు 11 శాతం. ఈ శాతాన్నే ‘హైడ్రోలైసిస్ స్థాయి’ అంటారు. ఆల్కలేస్‌కు ఇంత పట్టింపు లేదు కాబట్టి అది ఇంకా చాలా బంధాలను తెంచగలదు. ఏ ఎంజైమ్‌ను ఎంచుకున్నామన్నదాన్ని బట్టి అదే ప్రొటీన్ నుంచి పూర్తిగా వేరే ముక్కలు వస్తాయి. ఈ పరిశ్రమలోని నేర్పంతా ఈ ఎంపికలోనే ఉంది.

పని ఇలా సాగుతుంది. వే ప్రొటీన్ పొడిని నీటిలో కలుపుతారు, నూటికి ఐదు నుంచి పది పాళ్ల ప్రొటీన్ ఉండేలా. బీటా-లాక్టోగ్లోబ్యులిన్ గట్టిగా చుట్టిన నూలు ఉండలాంటిది. కోయాల్సిన చోట్లు లోపల దాక్కుని ఉంటాయి. జీర్ణాశయంలోని పెప్సిన్ కూడా దాన్ని ఒక పట్టాన కోయలేదు. అందుకని చాలాచోట్ల ముందు కాస్త వేడిచేసి ఉండను వదులు చేస్తారు. ఆ తర్వాత ట్యాంకును 50 డిగ్రీల దగ్గర నిలిపి, పీహెచ్‌ను ఎంజైమ్‌కు నచ్చిన చోటికి తెచ్చి, ఎంజైమ్ వేస్తారు. ప్రొటీన్ బరువులో నూటికి ఒకటో రెండో పాళ్లు చాలు.

ఎంత కోశామన్నది కంటికి కనపడదు గదా, ఎలా తెలుస్తుంది? దీనికి డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ అడ్లర్-నిస్సెన్ పేరుతో ముడిపడ్డ చక్కటి పద్ధతి ఉంది. ప్రొటీన్ల ఎంజైమ్ హైడ్రోలైసిస్ మీద ఆయన 1986లో రాసిన పుస్తకం ఈ రంగంలో ఇప్పటికీ ఆధారగ్రంథం. పీహెచ్ 8 దగ్గర ఒక్కో బంధం తెగినప్పుడల్లా ద్రవంలోకి ఆమ్లత్వం విడుదలై పీహెచ్ కిందికి జారుతుంది. దాన్ని 8 దగ్గరే నిలబెట్టడానికి యంత్రం చుక్కచుక్కగా క్షారం పోస్తూ ఉంటుంది. పోసిన క్షారం కొలిస్తే తెగిన బంధాల లెక్క తేలుతుంది. అనుకున్న శాతం రాగానే ద్రవాన్ని 85–90 డిగ్రీలకు వేడిచేస్తారు, ఎంజైమ్ చచ్చిపోతుంది, కోత ఆగిపోతుంది. ఆలస్యం చేస్తే కావాలనుకున్న ముక్క కూడా ముక్కలైపోతుంది.

తర్వాతి మెట్టు వడపోత. ఐదువేల డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) కంటే చిన్న ముక్కలు కావాలంటే ఒక పొర, వెయ్యి కంటే చిన్నవి కావాలంటే మరో పొర. క్షారం పోసినందువల్ల పేరుకున్న ఉప్పును నానోఫిల్ట్రేషన్‌తో తగ్గిస్తారు. చివరకు చిక్కబరిచి పొడి చేస్తారు. ఆ పొడి గాలిలో తేమను తొందరగా పీల్చి గడ్డకడుతుంది కాబట్టి మూత గట్టిగా ఉండాలి.

అన్నిటికంటే మొండి ఇబ్బంది చేదు. పాలలో కమ్మగా ఉన్న ప్రొటీన్ ముక్కలయ్యేసరికి చేదెక్కుతుంది. లూసిన్, ఫినైల్ఎలనీన్ లాంటి నీటికి దూరం జరిగే అమైనో ఆమ్లాలు మడతల్లో దాగి ఉన్నంతకాలం నాలుకకు తగలవు. గొలుసు తెగి అవి బయటపడగానే చేదు మొదలవుతుంది. గొలుసు చివర్ల నుంచి ఒక్కో అమైనో ఆమ్లాన్ని కొరికే ఎంజైమ్‌లతో రెండోసారి కోస్తే చేదు తగ్గుతుంది. ఫ్లేవర్‌జైమ్ పని అదే. ఉత్తేజిత బొగ్గు గుండా వడపోసినా తగ్గుతుంది. కాకపోతే చేదుముక్కలతో పాటు పనికొచ్చే ముక్కలూ కొన్ని బొగ్గుకే అంటుకుపోతాయి.

ఇంతవరకు చెప్పినదంతా తేలిపోయిన విద్య. చిక్కు దీని తర్వాత మొదలవుతుంది.

ప్రొటీన్ ముక్కకు, అంటే పెప్టైడ్‌కు, తల్లి ప్రొటీన్‌కు లేని గుణం ఉండవచ్చన్న ఆలోచన పాతదే. 1950లో స్వీడన్‌కు చెందిన మెలాండర్, కేసిన్ నుంచి వచ్చే భాస్వరం ఉన్న ముక్కలు రికెట్స్ ఉన్న పిల్లల ఎముకల్లో కాల్షియం చేరడానికి సాయపడతాయని రాశాడు. రక్తపోటు విషయంలో ఆశలు రేపింది మాత్రం ఒక పాము. బ్రెజిల్‌లోని జరారకా అనే రక్తపింజరి జాతి పాము విషంలోని పెప్టైడ్‌లు మన శరీరంలోని ఏసీఈ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయని తేలింది. రక్తనాళాలను బిగించే పదార్థాన్ని తయారుచేసేది ఆ ఎంజైమే. ఆ దారిలో పుట్టిన క్యాప్టోప్రిల్ మందుకు 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. పాము విషంలోని పెప్టైడ్ చేయగలిగిన పని పాలలోని పెప్టైడ్ చేయలేదా? శాస్త్రవేత్తల వేట అక్కడ మొదలైంది.

1997లో రిచర్డ్ ఫిట్జ్‌జెరాల్డ్ బృందం ఒక ముక్కను పట్టుకుంది. ఈయన ఐర్లాండ్‌లోని లిమరిక్‌లో పాల పెప్టైడ్‌ల మీద ఏళ్లతరబడి పనిచేసిన శాస్త్రవేత్త. బీటా-లాక్టోగ్లోబ్యులిన్‌ను ట్రిప్సిన్‌తో కోస్తే 142 నుంచి 148 వరకు ఉన్న ఏడు అమైనో ఆమ్లాల ముక్క విడివడుతుంది: ఎలనీన్, లూసిన్, ప్రోలిన్, మెథియోనిన్, హిస్టిడిన్, ఐసోలూసిన్, ఆర్జినిన్. చివర ఆర్జినిన్ ఉండడం ట్రిప్సిన్ కోసిందనడానికి గుర్తు. ఈ ముక్క పరీక్షనాళికలో ఏసీఈని అడ్డుకుంది. అప్పటికి తెలిసిన వే ముక్కల్లో ఇంత బలంగా అడ్డుకున్నవి అరుదు. ఈ కోవ పెప్టైడ్‌లకు లాక్టోకైనిన్లని పేరు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. ఏసీఈ పనిని సగానికి తగ్గించడానికి ఈ ముక్క సుమారు 43 మైక్రోమోలార్ గాఢతలో కావాలి. క్యాప్టోప్రిల్‌కు కావలసిన గాఢత దీనిలో వెయ్యో వంతు కంటే తక్కువ. సరే, ఆహారం మందంత బలంగా ఉండనక్కర్లేదు అనుకుందాం. అసలు ప్రశ్న వేరు. నోట్లో వేసుకున్న ముక్క రక్తనాళం దాకా చేరుతుందా? 2004లో ఇదే బృందం నిజాయితీగా ఆ ప్రశ్న వేసుకుని పరీక్షించింది. జీర్ణ ఎంజైమ్‌ల ముందు, రక్తంలోని ఎంజైమ్‌ల ముందు ఆ ముక్క నిలవలేకపోయింది. తాను కనిపెట్టిన దాని మీద తానే ఇంత కఠినమైన పరీక్ష పెట్టుకోవడం నాకు గౌరవం కలిగించే విషయం. డబ్బాల మీద గొప్పలు రాసేవారు ఆ రెండో పరిశోధనను కూడా చదివి ఉండాల్సింది.

ఎందుకిలా అవుతుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. మన జీర్ణాశయం, క్లోమం, చిన్నపేగు గోడ కలిపి ఒక హైడ్రోలైసిస్ ఫ్యాక్టరీ. అందులోనూ ట్రిప్సిన్ ఉంది. పేగు గోడ రెండు, మూడు అమైనో ఆమ్లాల ముక్కలను సులువుగా లోపలికి తీసుకుంటుంది. అంతకన్నా పొడవైనవి చాలావరకు ముక్కలయ్యాకే లోపలికి వెళతాయి. ఏడు అమైనో ఆమ్లాల ముక్క చెక్కుచెదరకుండా రక్తంలోకి చేరడం చాలా అరుదు.

పేగులోపలే పనిచేసే ముక్కలకు ఈ ఇబ్బంది తక్కువ. 1992లో జపాన్‌లోని మొరినాగా డెయిరీ సంస్థ శాస్త్రవేత్తలు లాక్టోఫెర్రిన్‌ను పెప్సిన్‌తో కోసి 25 అమైనో ఆమ్లాల ముక్కను వేరుచేశారు. దాని పేరు లాక్టోఫెర్రిసిన్. బాక్టీరియాను చంపడంలో అది తల్లి ప్రొటీన్‌ను మించిపోయింది. లాక్టోఫెర్రిన్ తాగిన మనుషుల జీర్ణాశయంలో కూడా ఈ ముక్క తయారవుతుందని పరిశోధకులు తర్వాత చూపించారు. జపాన్‌కే చెందిన నగావోకా బృందం 2001లో బీటా-లాక్టోగ్లోబ్యులిన్ నుంచి ఐదు అమైనో ఆమ్లాల ముక్కను తీసి లాక్టోస్టాటిన్ అని పేరుపెట్టింది. అది ఎలుకల్లో కొలెస్ట్రాల్ తగ్గించింది. ఎలుకల్లో తగ్గించిందన్నంత వరకే మనం నమ్మకంగా చెప్పగలం.

మనుషుల మీద ఎక్కువ పరీక్షలు జరిగినవి వే నుంచి కాక కేసిన్ నుంచి వచ్చిన రెండు బుల్లి ముక్కల మీద. జపాన్ కంపెనీ కాల్పిస్ పులియబెట్టిన పాలలో దొరికిన మూడేసి అమైనో ఆమ్లాల పెప్టైడ్‌లవి. అవి చిన్నవి, ప్రోలిన్ ఉన్నవి కాబట్టి జీర్ణక్రియను తట్టుకుంటాయి. జపాన్ పరీక్షల్లో రక్తపోటు కొంత తగ్గింది, యూరప్ పరీక్షల్లో ఆ మాత్రం కనిపించలేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ సాక్ష్యాలన్నీ చూసి, ఆ పెప్టైడ్‌లకూ రక్తపోటుకూ కార్యకారణ సంబంధం రుజువు కాలేదని తేల్చింది. అన్నిటికంటే ఎక్కువ సాక్ష్యం ఉన్నవాటి సంగతే ఇలా ఉంటే, ఏ పరీక్షా లేని ‘వే పెప్టైడ్’ డబ్బా రక్తపోటు తగ్గిస్తుందని నమ్మి మాత్రలు మానేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

అయితే ఈ విద్య వృథా పోయిందా? కాదు. ఇది నిజంగా మనుషులకు ఆసరా అయిన చోటు ఒకటుంది, దానికి పెద్ద ప్రచారం కూడా లేదు. తల్లిపాలలో బీటా-లాక్టోగ్లోబ్యులిన్ ఉండదు. ఆవుపాల డబ్బా పట్టిన కొందరు పసిపిల్లల శరీరం ఆవుపాల ప్రొటీన్లను శత్రువులుగా చూస్తుంది. దద్దుర్లు, వాంతులు, మలంలో రక్తం, అరుదుగా ప్రాణాపాయం. ప్రొటీన్‌ను శరీరం గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా కోస్తే ఈ పిల్లల్లో ఎక్కువమంది తట్టుకుంటారు. ఈ దారిలో మొదటిది 1942లో అమెరికాలో వచ్చిన కేసిన్ ఆధారిత న్యూట్రామిజెన్. తర్వాత వే ఆధారితమైనవీ వచ్చాయి. ఇక్కడ పెప్టైడ్ ఏదో అద్భుతం చేయాలని ఎవరూ ఆశించరు, కీడు చేయకుండా కడుపు నింపితే చాలు. క్లోమం సరిగా పనిచేయని, పేగు దెబ్బతిన్న రోగులకు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారంలోనూ ఈ కోసిన ప్రొటీన్ వాడతారు.

ఈ రంగంలోనూ ప్రచారం సాక్ష్యాన్ని దాటిపోయింది. అలర్జీ రాకుండానే ఆపుతుందంటూ కొద్దిగా మాత్రమే కోసిన వే పాలపొడిని అమ్మారు. 1995లో జర్మనీలో మొదలైన గీని అధ్యయనం అలర్జీలున్న కుటుంబాల పిల్లలను ఏళ్లతరబడి గమనించింది. కొద్దిగా కోసిన వే, బాగా కోసిన కేసిన్ ఎగ్జిమాను కొంత తగ్గించాయి. బాగా కోసిన వే మాత్రం స్పష్టంగా తగ్గించలేదు. ఒకే వే, రెండు రకాల కోతలు, రెండు ఫలితాలు. తర్వాత 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష అన్ని అధ్యయనాలనూ కలిపి చూసి, అలర్జీని నివారిస్తాయనడానికి నిలకడైన ఆధారం లేదంది. యూరప్ సరైన పాఠమే నేర్చుకుంది. 2022 ఫిబ్రవరి నుంచి, కోసిన ప్రొటీన్‌తో చేసే శిశు ఆహారం దేనికి దాన్ని విడిగా పరీక్షించి అనుమతించాకే అమ్మాలని నిబంధన తెచ్చింది. మన దేశంలోనూ అలాంటి నియమం రావాలి.

జిమ్‌కు వెళ్లే యువకులు నన్ను అడిగితే చెప్పే మాట సూటిగానే ఉంటుంది. కోయని వే కూడా త్వరగానే జీర్ణమవుతుంది. కోసినది ఇంకొంచెం ముందు రక్తంలోకి చేరవచ్చు, దానివల్ల కండ ఎక్కువ పెరుగుతుందని స్పష్టంగా తేలలేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ప్రొటీన్ పొడులను రోజూ వాడవద్దనే చెప్పాయి. పప్పు, పెరుగు, గుడ్డు అందుబాటులో ఉన్న ఆరోగ్యవంతుడు చేదు తీసిన పెప్టైడ్‌ల కోసం రెట్టింపు డబ్బు పెట్టనవసరం లేదు.

పసిబిడ్డ ఉన్న ఇంటివాళ్లు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బిడ్డకు ఆవుపాల అలర్జీ ఉందని డాక్టర్ చెప్తే, ‘పాక్షికంగా హైడ్రోలైజ్ చేసినది’ అని రాసి ఉన్న డబ్బా ఆ బిడ్డకు పనికిరాదు. అందులో అలర్జీ రేపగలిగినంత పెద్ద ముక్కలు ఇంకా మిగిలే ఉంటాయి. కావలసింది పూర్తిస్థాయిలో హైడ్రోలైజ్ చేసినది. కొద్దిమంది పిల్లలకు అదీ పడదు, ఉత్త అమైనో ఆమ్లాలతో చేసినదే ఇవ్వాలి. ఏది ఇవ్వాలో షాపువాడి మాట మీద కాదు, పిల్లల డాక్టర్‌ను అడిగి తెచ్చుకోండి. తల్లిపాలు ఉన్నంతవరకు వాటిని మాన్పించకండి.